మైకా గుంత కథలో మనవాళ్ళు

గూడూరు, సైదాపురం, రాపూరు వైపు పాత మేడల్లో ఒక కథ చెప్తారు. ఆ మేడల్లో పేడ ఎత్తినవాళ్ళు, రాత్రిపూట కాపలా పడుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆ కథ మనకూ తెలుసు. ఆ ఇంటి పెద్దాయన ఒకరోజు ఎద్దులబండి మీద పోతూ ఉంటాడు, లేకపోతే వేటకు పోయి ఉంటాడు. చిట్టడవిలో నేల మీద ఏదో తళుక్కుమంటుంది. దిగి చూస్తే కాకిబంగారం, అంటే మైకా. అక్కడినుంచి ఆయనకు నిద్ర ఉండదు. లైసెన్సు తెస్తాడు, గుంత తవ్విస్తాడు, డబ్బులు పోగొట్టుకుంటాడు, భార్య నగలు కుదువ పెడతాడు. ఊరంతా నవ్వుతుంది. ఆఖరికి ఒకనాడు గుంత అడుగున పచ్చటి దిమ్మ బయటపడుతుంది. ఈ కథలో ఎక్కడో ఒకచోట 'ఒక యానాదోడు' వస్తాడు. అటు పోతే మెరిసే రాయి ఉందని వేలు చూపిస్తాడు. అంతటితో వాడి పని అయిపోతుంది.

ఈ కథ అబద్ధం అనడం లేదు నేను. నగలు కుదువ పెట్టిన మాట నిజమే కావచ్చు. ఆ ఇంటి మనవళ్ళు తమ తాతను తలుచుకోవడంలో తప్పు కూడా లేదు. నా పేచీ కథ నడిచిన తీరుతోనే. నేను విన్న ఒక కథలో బండి లాగిన ఎద్దుకు పేరుంది, దారి చూపించిన మనిషికి లేదు. పెద్దాయనకు 'కనుక్కున్నాడు' అనే మాట వాడతారు, మనవాడికి 'చూపించాడు' అంటారు. రెండూ ఒకే రాయి గురించి, ఒకే పొద్దున జరిగినవి. చూపించినవాడు అంతకుముందే చూసి ఉండాలి కదా అని కథ అడగదు, వినేవాళ్ళూ అడగరు.

చదువుకునే పిల్లల కోసం మైకా సంగతి కొంచెం చెప్పాలి. నెల్లూరు ప్రాంతంలో మైకా తవ్వకం 19వ శతాబ్దం చివర్లో ఊపందుకుంది. పగలని, కాలని, వెలుతురు పోనిచ్చే రేకు కాబట్టి పొయ్యిల తలుపులకు, దీపాలకు వాడారు. తర్వాత కరెంటు సామాన్లకు, రేడియోలకు, యుద్ధకాలంలో విమానాల ఇంజన్లకు కావలసి వచ్చింది. మన వైపు మైకాలో లేత ఆకుపచ్చ రంగు ఎక్కువ, పచ్చ మైకా అని పేరు. మైకా దిమ్మ పేజీలు పేజీలుగా విడిపోతుంది కాబట్టి ఇంగ్లీషులో దాన్ని 'బుక్' అంటారు. ఇనికుర్తి గనిలో పది అడుగుల అడ్డం ఉన్న దిమ్మలు దొరికాయని వందేళ్ళ కిందటి ఇంగ్లీషు గ్రంథాల్లోనే రాసి ఉంది. అంత పుస్తకాన్ని గుంతలోంచి పైకి లాగిన చేతులు ఎవరివో మాత్రం అందులో లేదు.

మైకా ఉన్న చోటు మనవాళ్ళకు ఎట్లా తెలిసింది? మంత్రం ఏమీ లేదు. పలుగురాయి తెల్లగా తేలిన నేలలో ఎలుక కలుగు తవ్వితే, ఎలుక లోపలినుంచి తోసిన మన్ను బయట కుప్పగా ఉంటుంది. ఆ మట్టిలో రేకులు మెరుస్తాయి. చెదపుట్ట మన్ను కూడా అంతే. భూమి లోపల ఏముందో అవి పైకి మోసుకొస్తాయి. ఎలుకల కోసం, దుంపల కోసం రోజూ నేల తవ్వే మనిషికి ఆ మెరుపు కొత్తేమీ కాదు. పుట్టను బట్టి భూమిలో నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పవచ్చని బృహత్సంహితలో వరాహమిహిరుడు రాస్తే అది శాస్త్రం అయింది. ఎలుక మన్ను చూసి మా తాత చెప్తే అది 'యానాదోడి కళ్ళు' అయింది. మెచ్చుకున్నట్టే ఉంటుంది ఆ మాట. కుక్క ముక్కును కూడా అట్లాగే మెచ్చుకుంటారు.

ఇక మా ఇంటి కథ. మాది వాకాడు వైపు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా నోటికి ఇంకా నెల్లూరే వస్తుంది. మా ఊరి ఇసకలో మైకా గుంతలు లేవు. కోతలు అయిపోయి, వాగుల్లో చేపలు తగ్గిపోయే రోజుల్లో మా పెద్దలు పడమర మెట్టకు పోయేవాళ్ళు. మా తాత అక్కడ ఎలుకలు తవ్వుతుంటే రేకు దొరికిందని, దాన్ని ఒక దొరకు చూపిస్తే అక్కడ గుంత పడిందని మా అవ్వ చెప్పేది. "మీ తాత చూపించిన గుంతరా అది. మనకేమిచ్చినారు? ఒక పంచె, ఒక బస్తా జొన్నలు." ఇది ఒకసారి చెప్పిన మాట. ఇంకోసారి జొన్నలు కాదు, చోళ్ళు. ఇంకోసారి ఎలుకలు తవ్వలేదు, పాము వెంట పడ్డాడు. పంచె కూడా ఒక్కోసారి ఉండేది కాదు.

నేను టీచర్ ట్రైనింగ్ అయి వచ్చిన కొత్తలో ఈ కథను ఒక వ్యాసంగా రాశాను. అవ్వ చెప్పినవాటిలో బాగున్నవి ఏరుకుని, పొసగనివి తీసేసి, పంచె, జొన్నలు, ఎలుక మాత్రం ఉంచాను. 'ఈ గుంతకు అసలు యజమాని మా తాత' అని ముగించాను. మీటింగుల్లో చదివితే చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ వ్యాసం మళ్ళీ చదివితే నాకు నచ్చడం లేదు. ఎందుకు నచ్చడం లేదో చెప్పడానికే ఇదంతా. మనవాళ్ళు రాస్తున్న 'మా తాత' వ్యాసాలు చాలావరకు నా పాత వ్యాసం లాగానే ఉంటున్నాయి మరి.

మొదటి సంగతి. 'యజమాని' అన్న మాట మా అవ్వ ఒక్కసారి కూడా అనలేదు. ఆమె మాట 'చూపించినాడు' అనే. నేల తనది అనుకుని ఆయన తవ్వలేదు, కలుగు కనపడితే తవ్వాడు. నేను మేడలోని కథ తీసుకుని, పెద్దాయన బొమ్మ చెరిపి అక్కడ మా తాత బొమ్మ అంటించాను. కొలత మాత్రం వాళ్ళదే. ఆ కొలతతో చూస్తే మా తాత ఓడిపోయిన గని యజమాని, అంతే. ఆయన ఓడిపోయిన యజమాని కాదు. నేల తెలిసిన కూలి మనిషి.

రెండోది కాగితం సంగతి. విదేశాల్లో బంగారం కనుక్కున్నవాడు మేకు పాతి ఇది నాది అంటాడని సినిమాల్లో చూస్తాం. మన దేశంలో పద్ధతి అది కాదు. 1957 గనుల చట్టం వచ్చాక వెతకడానికి ఒక లైసెన్సు, తవ్వడానికి ఒక లీజు కావాలి. ఒకే చోటుకు ఇద్దరు అడిగితే ముందు అర్జీ పెట్టినవాడికి మొగ్గు అని చట్టమే చెప్పింది. ముందు చూసినవాడికి అని చెప్పలేదు. అంతకుముందు జమీందార్ల కాలంలోనూ కాగితం ఉన్నవాడిదే మాట. మన వైపు చూస్తే, యానాదుల్లో కొందరిని నేరస్థ జాతుల పట్టికలో వేశారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో పోయింది. గునపం భుజాన వేసుకుని రాత్రిపూట తిరిగితే ఎందుకు తిరుగుతున్నావని అడిగే రోజుల్లో, ఆఫీసుకు పోయి ఇక్కడ గని ఉంది, నా పేర రాయండి అని ఒక యానాది అడగగలడా? ఈ ప్రశ్న నా పాత వ్యాసంలో లేదు. దొర మోసం చేశాడని రాసి ఊరుకున్నాను. మోసం చేయడానికి కూడా ముందు ఒక హక్కు ఉండాలి, ఆ హక్కే ఎవరూ ఇవ్వలేదు.

మూడోది నాకు చాలా ఆలస్యంగా కనపడింది. కథ చెప్పిన మా అవ్వ ఆ కథలో లేదు.

మైకా గుంతలో మగవాళ్ళు రాయి పగలగొడితే, పైన షెడ్డులో ఆడవాళ్ళు కూర్చుని కత్తితో పొరలు విప్పేవాళ్ళు. పగులు, మచ్చ లేని రేకు వేరు, మచ్చ ఉన్నది వేరు, చిన్నది వేరు. గని సరుకుకు విలువ వచ్చేది అక్కడే. దిమ్మను దిమ్మగా ఎవరూ కొనరు. మా అవ్వ కుడిచేతి బొటనవేలు మీద అడ్డంగా గీతలు ఉండేవి. చిన్నప్పుడు నేను వాటిని చేప ముళ్ళు గుచ్చుకున్నవి అనుకున్నాను. ఆమె ఎన్నేళ్ళు షెడ్డులో పనిచేసిందో, కూలి రోజు లెక్కనా తూకం లెక్కనా, మా నాన్నను ఎక్కడ పడుకోబెట్టి పని చేసిందో నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. తాత చూపించిన ఒక్క పొద్దున గురించి నలభై సార్లు చెప్పింది. వాళ్ళ కథ నుంచి ఆమె నేర్చుకున్నది అదే అనుకుంటాను: గని కథ అంటే కనుక్కున్నవాడి కథ అని.

మా తాత చివర్లో దగ్గుతో పోయాడు. టీబీ అన్నారు. పలుగురాయి పగలగొడితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి సిలికోసిస్ వస్తుందని, అది కూడా టీబీ లాగే కనపడుతుందని నాకు టీచరయ్యాక తెలిసింది. ఆయనది ఏ జబ్బో ఇప్పుడు తేల్చలేను. మైకా ఎగుమతి మీద పన్ను వేసి గని కూలీల ఆరోగ్యానికి, చదువుకు ఖర్చు పెట్టాలని 1946లోనే ఒక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. మా తాత పేరు హాజరు పట్టీలో లేదని, కావలసినప్పుడు పిలిచే కూలి అని మా నాన్న చెప్పేవాడు. నా పాత వ్యాసంలో ఈ దగ్గు కూడా లేదు. కనుక్కున్న వీరుడు దగ్గితే బాగుండదు కదా.

ఇలాంటి కథ మనకే ఉందనుకున్నాను. యూనివర్సిటీలో చదివే మా అక్క కొడుకు ఒక ఇంగ్లీషు పుస్తకం పేజీలు ఫోన్లో పంపాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను. కెనడాలో యూకాన్ ప్రాంతంలో ముగ్గురు ఆదివాసీ అవ్వలు చెప్పిన జీవిత కథలు అవి. జూలీ క్రూక్‌షాంక్ అనే ఆమె వాళ్ళతో కలిసి రాసింది, 1990లో వచ్చింది. 1896 ఆగస్టులో అక్కడ ఒక వాగులో బంగారం దొరికింది, లోకమంతా క్లోండైక్ అని పరుగెత్తింది. కనుక్కున్నవాడిగా తన పేరు రాయించుకున్నది జార్జ్ కార్మాక్ అనే తెల్లవాడు. ఆయన భార్య టాగిష్ ఆదివాసీ. ఆమె అన్నదమ్ముల్లో ఒకరు స్కూకుం జిమ్, అసలు పేరు కేయిష్. బంగారం ముందు చూసింది జిమ్మే అని ఆ తెగవాళ్ళు చెప్తారు. కనుక్కున్నవాడికి రెండు వాటాలు, మిగతావాళ్ళకు ఒక్కొక్కటి. ఆ రెండు వాటాలూ కార్మాక్‌కు పోయాయి.

ఇంతవరకు మా తాత కథే. నన్ను ఆపింది తర్వాతది. ఆ ముగ్గురు అవ్వల్లో ఏంజెలా సిడ్నీ చెప్పిన దాని ప్రకారం, జిమ్ నది దిగువకు పోయింది బంగారం కోసం కాదు. అటు పోయిన తోబుట్టువుల కబురు తెలియక వెతుక్కుంటూ పోయాడు. ఒకప్పుడు గోతిలో పడిన కప్పను జిమ్ కాపాడాడు, ఆ కప్ప మేలు చేసింది అన్న మాట కూడా వస్తుంది. బంగారం ఆ దారిలో తగిలింది అంతే. కథ కొస మన చేతిలో ఉంటే కథ ఎక్కడ మొదలవుతుందో కూడా మారిపోతుంది. మేడ కథ మెరుపుతో మొదలవుతుంది, ఆ అవ్వ కథ తోబుట్టువులతో మొదలవుతుంది. నా వ్యాసం కూడా మెరుపుతోనే మొదలైంది. మా తాత ఆ రోజు ఎందుకు తవ్వుతున్నాడు? ఇంట్లో గింజలు లేక. అది మొదటి వాక్యం కావలసింది.

అక్కడ కూడా ఆడమనిషి ఆఖర్నే వచ్చింది. కార్మాక్ భార్య షా త్లా, కేట్ అని పిలిచేవాళ్ళు. భర్త ఆమెను వదిలేసి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె సొంత ఊరి వైపు తిరిగివచ్చి 1920లో చనిపోయింది. కెనడా గనుల ప్రముఖుల పట్టికలో మగవాళ్ళు చేరిన చాలా ఏళ్ళకు, 2019లో ఆమె పేరు చేర్చారు.

ఇదంతా ఒక సాహిత్య చర్చగా వదిలేయవచ్చు. కానీ మన విషయంలో ఇది భూమి చర్చ కూడా. 1997 జూలైలో సమతా కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని తీర్పు ఇచ్చింది. అది విశాఖ మన్యానికి వర్తిస్తుంది. నెల్లూరు తీరం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. 2001 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులం 4 లక్షల 62 వేల మందిమి, లంబాడీలు, కోయల తర్వాత పెద్ద తెగ. అయినా ఆ తీర్పు నీడ మన మీద పడదు. అదే ఏడాది డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు ఇంకో కేసులో, పెద్దలు నోటితో చెప్పిన చరిత్రను కూడా సాక్ష్యంగా తీసుకోవాలని చెప్పింది. మన దగ్గర కూడా అటవీ హక్కుల చట్టం కింద 2007 నిబంధనల్లో, హక్కుదారు కాని పెద్దల మాటను కాగితం మీద రాసుకుని సాక్ష్యంగా పెట్టవచ్చని ఉంది. అది అడవి భూమికే. ఇసక నేలకు అంత సులువు కాదు.

ఇసక అని ఎందుకన్నానంటే, తాతల కాలంలో మైకా కోసం మనం పడమరకు పోయాం, ఇప్పుడు గని మన దగ్గరికే వచ్చింది. చిల్లకూరు, కోట, వాకాడు మండలాల తెల్లఇసక గాజుకు పనికొచ్చే సిలికా. ఆ నేలల్లో మనవాళ్ళకు ఇచ్చిన డీకేటీ పట్టాలు ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకూడదు. 2023 సవరణతో ఇరవై ఏళ్ళు దాటినవాటికి అసలు పట్టాదారుకో వారసులకో పూర్తి హక్కు అన్నారు. వారసుడు అంటే ఎవరు? తాత పేరు, ఏ గుంత పక్కన ఏ మిట్ట, ఎవరు ఎప్పటినుంచి ఉన్నారు, ఇవి చెప్పగలిగినవాడు. మన కుటుంబ కథలు ఈ పనికి రావాలంటే చప్పట్ల కోసం రాసినట్టు రాస్తే కుదరదు. 'మా తాతే కనుక్కున్నాడు' అన్న మాట ఏ ఆఫీసులోనూ పనికిరాదు. 'ఆ మిట్టకు మా ఇంట్లో ఈ పేరు, అక్కడ వానాకాలం ఫలానా వాళ్ళు ఉండేవాళ్ళు' అన్న మాట పనికొస్తుంది. అవ్వ ఒకసారి జొన్నలు, ఒకసారి చోళ్ళు అంటే రెండూ రాసుకోవాలి. నేను తీసేసిన పాము కథలో ఒక వాగు పేరు ఉండేది. ఆ వాగు ఏదో ఇప్పుడు చెప్పడానికి అవ్వ లేదు.

పోయిన ఏడాది మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలను ఇంటి పెద్దల పని గురించి రాసుకురమ్మన్నాను. ఒక అమ్మాయి వాళ్ళ ముత్తాత మైకా కనుక్కున్నాడని, తాము గని యజమానులు కావలసినవాళ్ళమని అరపేజీ రాసింది. నా పాత వ్యాసం మళ్ళీ పుట్టినట్టుంది. వెనక్కి ఇచ్చి, ఇంట్లో ఇంకా ఎవరికి గుర్తుందో వాళ్ళ దగ్గర కూర్చోమన్నాను. ఆ గుంతను ఏమని పిలిచేవాళ్ళు, కూలి ఎట్లా కొలిచేవాళ్ళు, బిడ్డలు ఎక్కడ పడుకునేవాళ్ళు, అన్నం ఎక్కడ వండుకునేవాళ్ళు, ఎవరు జబ్బు పడ్డారు అని అడగమన్నాను.

వారం తర్వాత నాలుగు పేజీలు తెచ్చింది. ముత్తాత అందులో రెండు వాక్యాలే ఉన్నాడు. మిగతాదంతా వాళ్ళ జేజి. షెడ్డు దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టేవాళ్ళట. సాయంత్రం బిడ్డను దించితే తల వెంట్రుకల్లో మైకా పొడి మెరిసేదట. రేకులు తూకం వేసి కూలి ఇచ్చేవాళ్ళు, తూకం వేసేవాడు వేలు పెట్టేవాడట. గుంత పేరు రెండు రకాలుగా రాసింది. జేజి ఒకటి చెప్పింది, మేనత్త ఇంకొకటి చెప్పింది. ఏది కరెక్టు సార్ అని అడిగింది. రెండిటి కిందా ఎవరు చెప్పారో వాళ్ళ పేరు రాయమన్నాను.